బల్లలోని రైలుబండి

ఈ మాసము మా "ఇల్లు–వాకిలి" శీర్షికకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము మొదట నవ్వించి, పిదప ఆలోచింపజేసినది. ఒక సోదరి వ్రాసిన సంగతి యిది: ఆమె కుమారునికి మేనమామ పుట్టినరోజు కానుకగా ఆటరైలుబండి నొకదానిని తెచ్చియిచ్చెనట. నాటినుండి చావడిలో కాలు పెట్టుటకు చోటు లేదు. పట్టాలు తీసి పెట్టెలో సర్దుదమన్న పిల్లవాడు రాగము తీయును; పరచియే యుంచుదమన్న పనిమనిషి చీపురు క్రింద పడవేసి నిలుచుండును. వచ్చిన చుట్టములు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని పట్టాలు దాటవలసివచ్చుచున్నది. "బండి మాకును ముద్దే. కాని యిల్లు స్టేషను కాకుండ నుండు ఉపాయమేదైన నున్నదా?" అని ఆమె ప్రశ్న.

ఉన్నది. దానిని మేము ఎక్కడనో చదివి చెప్పుట లేదు. మా యింట నొకరికి దెబ్బ తగిలి, ఒక గాజుపలక పగిలి, రెండుమారులు వడ్రంగిని పిలిచి నేర్చుకొంటిమి. కావున పచ్చళ్ళ జాడీల సంగతి వచ్చు నెలకు త్రోసి, ఈ నెల దీనినే వ్రాయుచున్నాము.

మూడేండ్ల క్రిందటి మాట. మా మామగారు 1958లో రైల్వే కొలువున చేరి, స్టేషనుమాస్టరై, 1994లో విశ్రాంతి పుచ్చుకొన్నవారు. నంద్యాలకును గిద్దలూరునకును నడుమ నల్లమల యడవిలో గాజులపల్లె, చలమ, దిగువమెట్ట అను చిన్న స్టేషనులు కలవు. అది 1880 దశకమున వేసిన మీటరుగేజి దారి. లోయమీద దొరబావి వంతెనయు, కొండలో సొరంగమును ఉండెడివి. 1990 దశకమున గేజి మార్చినపుడు బండి త్రోవ కొంత మారి, ఆ వంతెన విడువబడినది. దాని స్తంభములు అడవిలో మిగిలినవి. మామగారు దిగువమెట్టలో ఆరేండ్లు పనిచేసిరి. రాత్రివేళ లాంతరు పట్టుకొని బండికెదురు నిలుచుట, చీకటిలో ఎలుగు తిరుగుచున్నదని గేటుమనిషి కేక వేయుట, ఇవన్నియు ఒకప్పుడు ఆయన నోట వినుట మాకు పరిపాటి. అత్తగారు పోయిన పిదప ఆ మాటలు నిలిచిపోయినవి. ఉదయము కాఫీ త్రాగి కుర్చీలో కూర్చున్న, మరల భోజనమునకే లేచుట.

మా అబ్బాయికి అప్పుడు ఏడేండ్లు, అమ్మాయికి పదునొకండేండ్లు. అబ్బాయికని కొన్న రైలుబండి చావడి నేలమీద వారములతరబడి పరచియుండెను. ఒకనాటి తెల్లవారుజామున మామగారు మంచినీళ్ళకని లేచి, చీకటిలో ఒక పెట్టెపై కాలుమోపి జారి పడిరి. మణికట్టు విరిగినది. ఎనుబదియారేండ్ల వయసున తుంటి విరుగకపోవుట మా పుణ్యమని వైద్యుడు చెప్పెను. ఆ సాయంకాలమే మావారు పట్టాలనూడదీసి, బండినొక అట్టపెట్టెలో వైచి అటకపై పెట్టిరి. అబ్బాయి యేడ్చినాడు. అమ్మాయి మాటలాడలేదు. దాచుకొనక చెప్పవలెనన్న, మాకు మాత్రము సంతోషమే కలిగినది. ఎన్నాళ్ళకో నేల కనబడినది గదా!

అయిదు వారములు గడచినవి. కట్టు ఇంకను విప్పలేదు. ఒకనాడు కాఫీ గ్లాసు అందించుచుండగా మామగారు తలయెత్తి, "బండి యేదమ్మా?" అని యడిగిరి.

"అటకమీద పెట్టినాము మామా."

"నేను పడినందుకు బండిని సస్పెండు చేసినారా? విచారణ జరిగినదా?"

మేము తెల్లబోయితిమి. అన్ని నెలలకు ఆయన నోట వచ్చిన మొదటి హాస్యము అది. "తప్పు బండిది కాదు. మెయిను లైనుమీద పెట్టెను విడిచిపోయిన వారిది. దానిని సైడింగులో పెట్టవలెను గాని, పట్టాలే పెరికివేయుదురా?" అని గ్లాసు క్రింద పెట్టిరి. పట్టాలు పెరుకుట యన్న మాట దగ్గర ఆయన గొంతు మారినది. ఆ రాత్రి మేమును మావారును చాలసేపు మాటలాడుకొంటిమి. బండి నేలమీద నుండరాదు, అటకమీదను ఉండరాదు. ఆయన కుర్చీకి ఎదురుగ, కాలికి తగులక, కంటికి కనబడునట్లుండవలెను. ఆయన కుర్చీకెదురుగ నుండునది కాఫీబల్ల యొక్కటే.

బల్లమీద రైలు నడపుట క్రొత్త సంగతి కాదు. 1922లో జర్మనీ దేశమున బింగ్ అను కంపెనీవారు "బల్లరైలు" అను పేరనే ఒక చిన్న బండిని చేసిరి. భోజనపుబల్లపై పరచుకొని, ఆట ముగిసిన పిదప తీసివేయుటకు వీలైనది. మన దేశమున గ్వాలియరు జయవిలాస ప్రాసాదమునందు విందుబల్లపై వెండి రైలుబండి కలదు. గాజుపాత్రలలో పానీయములు నింపుకొని అతిథుల ముందుగా పోవుచుండును. ఎవరైన పాత్రనెత్తినచో బండి యాగును. మరల పెట్టినచో కదలును. ఇప్పటికిని అచ్చటి ప్రదర్శనశాలలో చూడవచ్చును. వడ్డించువారికి విశ్రాంతి నిచ్చు యంత్రము మహారాజులకే దొరికినది, మనకు దొరకలేదని చూచినపుడెల్ల మాకు తోచును!

ఇక పనిలోనికి వత్తము. మొదట తెలిసికొనవలసినది బండి పరిమాణము. ఆటరైళ్ళలో అనేక కొలతలు కలవు. అంగళ్ళలో సామాన్యముగ దొరకు హెచ్.ఓ. అను రకమున రెండు పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లుండును, అసలు బండిలో 87వ వంతు. మా అబ్బాయి బండి యిదియే. దీనిని గుండ్రముగ త్రిప్పుటకు ఇంచుమించు మీటరు వెడల్పు కావలెను. అంత బల్లను చావడిలో పెట్టిన, మనుష్యులు గోడలనంటుకొని నడువవలెను. ఎన్. అను రకమున పట్టాల నడుమ 9 మిల్లీమీటర్లే. ఆంగ్లమున తొమ్మిదికి మొదటి యక్షరము గనుక ఆ పేరు వచ్చినది. అసలు బండిలో 160వ వంతు. జపానువారు 150వ వంతుగను, ఇంగ్లండువారు 148వ వంతుగను చేయుదురు. ఇంకను చిన్నది, 1972లో మెర్క్లిన్ కంపెనీవారు తెచ్చిన జెడ్. రకము, 6.5 మిల్లీమీటర్లది కలదు గాని, పట్టాలు తప్పినపుడు పెద్దవారి వ్రేళ్ళతో దానిని మరల నిలుపుట కష్టము. పిల్లల చేతికి అసలే పనికిరాదు. కావున బల్లలోనికి ఎన్. రకమే తగినదని మా యభిప్రాయము.

అబ్బాయి బండిని మేనత్త కొడుకునకిచ్చి, ఎన్. రకపు బండి కొంటిమి. దాని వెల బల్ల వెలకంటె నెక్కువైనది. ఈ మాట ముందుగ చెప్పకుండుట న్యాయము కాదు. ఏ యింజను కొనవలెనన్న దానిపై మామగారు పట్టుపట్టిరి. ఆయన కాలమున నల్లమల దారిలో సరుకుబండ్లకు వై.జి. ఇంజనులుండెడివి: ముందు రెండు చిన్న చక్రములు, నడుమ ఎనిమిది పెద్ద చక్రములు, వెనుక రెండు. అట్టి బొమ్మ మాకు దొరకలేదు. అమ్మాయి చిత్రములు వెదకి వెదకి జపాను దేశపు డి.51 అను ఇంజనును చూపినది. మామగారు భూతద్దము పెట్టుకొని చక్రములు లెక్కపెట్టిరి. రెండు, ఎనిమిది, రెండు. "ఇది మికాడో. మన వై.జి.కి చెల్లెలు" అనిరి. ఆ చక్రముల అమరికకు ఆ పేరు 1897లో జపానుకొరకు చేసిన ఇంజనులనుబట్టియే వచ్చినదట. జపాను దారి వెడల్పు 1067 మిల్లీమీటర్లు, మన మీటరుగేజి వెయ్యి. కావున బండి వాలకమును చాలవరకు కలిసినది.

ఇప్పుడు మా తెలివితక్కువ సంగతి. మొదటి బల్లను వడ్రంగి మా మాట ప్రకారమే చేసినాడు గాన దోషము మాదే. 120 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల యెత్తు. పైన 15 సెంటీమీటర్ల లోతుగల పెట్టె. ఆ పెట్టెలో పట్టాలు, కొండ, సొరంగము. పెట్టెపై 8 మిల్లీమీటర్ల దళసరి గట్టిగాజు పలక. చూచుటకు అద్దాలమేడవలె నుండెను. మూడవనాడు బండి సొరంగములో పట్టాలు తప్పినది. చేయి పెట్టుటకు దారి యేది? గాజు నెత్తవలసినదే. చదరపు మీటరు గాజు మిల్లీమీటరు దళసరికి రెండున్నర కిలోలు తూగును; ఆ లెక్కను మా పలక 18 కిలోలు. మావారును పొరుగింటి పిల్లవాడును చెరియొక వైపు పట్టి యెత్తి, గోడకానించుటకు క్రిందికి దింపుచుండగా ఒక మూల బండపై తగిలినది. టప్పున ఒక్క చప్పుడు. పలక మొత్తము కలకండ పలుకులవలె రాలిపోయినది. గట్టిగాజు నడుమ దెబ్బకు ఓర్చును గాని అంచుదెబ్బకు ఓర్వదని నాడు తెలిసినది. మామూలు గాజైన కత్తులవంటి పెంకులై యుండును. ఇది మొద్దుపలుకులైనందున ఎవరికిని గాయము కాలేదు. కొండచరియలలో ఇరుకుకొన్న పలుకులనేరుటకు మాకు రెండు వారములు పట్టినది. పిల్లలున్న యింట గట్టిగాజు తప్ప మరియొకటి వాడవలదు. ఆ గాజును కదల్పవలసిన యవసరము లేకుండ బల్లను కట్టుకొనవలెను.

రెండవ బల్లకు అదే కొలత. కాని ఈమారు గాజు చట్రమునకు నాలుగంచుల గట్టిగ నతుకబడి, దానిక్రింద రైలుదారి ఒక పెద్ద సొరుగైనది. బట్టల బీరువా సొరుగులకు వడ్రంగులు వేయు గుండ్లచానలులు, పూర్తిగ వెలుపలికి వచ్చు రకమువి, 60 సెంటీమీటర్లవి రెండు వేయించితిమి. సొరుగు లోతు 70 సెంటీమీటర్లు గాన, లాగినపుడు వెనుకనున్న 10 సెంటీమీటర్లు గాజుక్రిందనే మిగులును. అందుచేత ఆ వెనుకవైపున తిన్నని పట్టా తప్ప, దారి మార్చు పాయింట్లుగాని సొరంగముగాని పెట్టలేదు. సొరంగము ఎడమకొసన నున్నది. కొండపైభాగము గిన్నెమూతవలె ఊడివచ్చును. బండి తప్పిన, సొరుగు లాగి, కొండ మూత తీసి, అమ్మాయియే నిమిషములో సరిచేయును. సొరుగు వెలుపలికి వచ్చుటకు బల్లముందు ముప్పాతిక మీటరు ఖాళీ యుండవలెను. సోఫా దగ్గరగ నున్న ఇండ్లలో దీనిని మరచి తరువాత విచారించిన ప్రయోజనము లేదు.

సొరుగు అడుగునకు 12 మిల్లీమీటర్ల మెరైను ప్లైవుడ్డు వాడితిమి. టేకు పలక యెంత మంచిదైనను ఒంటిపలక వానకాలమున ఉబ్బి, ఎండకాలమున ముడుచుకొనును. దానితోపాటు పట్టాలును వంకరపోవును. ప్లైవుడ్డులో పొరలు అడ్డదిడ్డముగ నుండుటచే ఆ బాధ తక్కువ. పట్టాలకు ఎండయు పగయే. మీటరు పట్టా ఇరువది డిగ్రీల వేడికి మిల్లీమీటరులో మూడవవంతు సాగును. మూసిన గాజుక్రింద వేడి యింకను హెచ్చు గాన, బల్లను కిటికీ యెండకు దూరముగ పెట్టి, పట్టాల యతుకులలో వెండ్రుకవాసి సందు విడువవలెను. రంగులును ఎండకు వెలిసిపోవును.

దారి చాల సులువైనది: ఒక్క కోలచుట్టు, ఒక స్టేషను, ఒక సైడింగు. మలుపుల వ్యాసార్ధము 28 సెంటీమీటర్లు; ఇంతకు చిన్న మలుపులు దొరకును గాని పొడవైన యింజను అందులో వికారముగ కనబడును. ఒక దారిపైనుండి మరియొక దారి పోవునట్లు చేయుదమని మావారికి ఉబలాటము. లెక్క వేయగా ఆశ తీరినది. క్రిందిబండి దూరుటకు 5 సెంటీమీటర్ల యెత్తు కావలెను. నూటికి రెండు చొప్పున ఎక్కించిన రెండున్నర మీటర్ల దారి పట్టును. మా చుట్టు మొత్తము రెండుముప్పాతిక మీటర్లే! నూటికి నాలుగు చొప్పున నిట్టగ నెక్కించిన, మూడు పెట్టెలకే యింజను చక్రములు జారును. బల్లలో పట్టునంతటనే తృప్తిపడిన బండి నడచును. ఎక్కువ యిరికించిన నిలిచిపోవును. పెట్టెలును అంతే. ఇంజనును పెట్టెలును ఒక్కొక్కటి పదుమూడు సెంటీమీటర్లుండును. నాలుగు పెట్టెలు తగిలించిన బండి చుట్టులో నాలుగవవంతు ఆక్రమించి, తన తోకను తాను తరుముకొను పిల్లివలె కనబడినది. మూడింటితో చక్కగ నున్నది.

విద్యుత్తు విషయమున భయపడవలసినది లేదు. గోడ సాకెటునుండి వచ్చునది చిన్న ట్రాన్సుఫార్మరులో 12 వోల్టులకు దిగును. పట్టాలను చేతితో తాకినను అపాయము లేదు. వోల్టులు పెంచిన వేగము హెచ్చును; ధన ఋణములను తారుమారు చేసిన బండి వెనుకకు నడచును. సొరుగు లాగునపుడు తీగ తెగకుండ కొంత వదులుగ చుట్టి, టెలిఫోను తీగవలె మెలిపెట్టి యుంచవలెను. ఈ తీగలపని యంతయు మా అమ్మాయి చేసినది. బండి అబ్బాయికని కొన్నదే గాని, అబ్బాయికి దానిని వేగముగ పోనిచ్చుట యొక్కటే సరదా. నడిపించు బుద్ధి అమ్మాయిది. మన దేశమున సురేఖా యాదవ్ గారు 1988లో రైలింజను డ్రైవరుగ చేరి స్త్రీలకు ఆ దారి తెరచినారు. దిగువమెట్టలో స్టేషనుమాస్టరు పదవి మా బల్లలో అమ్మాయికి దక్కుటకు మామగారి యంగీకారము కావలసివచ్చినది. ఆయన పరీక్ష పెట్టి మరి యిచ్చిరి.

కొండ చేయుటకు థర్మోకోలు పలకలను ఒకదానిపై నొకటి అతికించి కత్తితో చెక్కితిమి. ఇక్కడ నొక హెచ్చరిక: చెప్పులతికించు ఘాటువాసన జిగురు థర్మోకోలును కరగించివేయును. ఫెవికాలు వంటి తెల్లజిగురే వాడవలెను. దానిపై ప్లాస్టరాఫ్ పారిసులో ముంచిన పాతగుడ్డ ముక్కలు పరచి, ఆరిన పిదప మన్ను చల్లితిమి. ఆ మన్ను మావారు నంద్యాల పోయినపుడు దిగువమెట్టదాక పోయి సంచిలో తెచ్చినది. పిండిజల్లెడతో జల్లించి, సూదంటురాయిని పలుమారులు త్రిప్పితిమి. మంటిలోని ఇనుపరజను మోటారులోనికి పోయిన అది చెడును. నీళ్ళలో సగపాలు జిగురు కలిపి, అంట్లసబ్బు ఒక చుక్క వేసి, మందుచుక్కల గొట్టముతో మంటిపై విడిచిన, మన్ను రాయివలె గట్టిపడును. సబ్బుచుక్క లేనియెడల జిగురునీరు ముత్యములవలె పైననే దొర్లును.

చెట్లకు కొనుగోలు సరుకు వలదు. ఎండిన బీరపీచును త్రుంచి, ఆకుపచ్చ రంగులో ముంచి, సన్నని కొమ్మపుల్లలకు అతికించిన వానకాలపు నల్లమల చెట్లే. రంపపు పొట్టుకు రంగు పట్టించిన గడ్డి. సిగ్నలు స్తంభము చీపురుపుల్ల. దానికి మూడుమారులు మార్పు వచ్చినది. మొదట అమ్మాయి బొమ్మలలో చూచి, చేయి పైకెత్తిన సిగ్నలు చేసినది. "మా దారిలో చేయి క్రిందికి వాలిన రమ్మని అర్థము. అడ్డముగ నున్న ఆగుమని" అని మామగారు త్రిప్పి పంపిరి. రెండవది స్టేషనుకు మిక్కిలి దగ్గరగ నున్నది. మూడవది ఒప్పుకొనిరి. స్టేషను గోడకు పసుపు వేయగా, "మా గోడకు సున్నము వేసెడివారు, క్రింద మూరెడు కావి" అనిరి. అదియు మార్చితిమి.

వంతెన మాత్రము ఆయనయే కావలెననలేదు. కట్టు విప్పిన చేయితో ఐసుక్రీము పుల్లలను కోసి స్తంభములు తానే చేసిరి. వ్రేళ్ళు వణకుచుండుటచే ఒక్కొక్క స్తంభమునకు రెండు దినములు పట్టెను. వైద్యుడు మణికట్టునకు చెప్పిన కసరత్తు ఎన్నడును సరిగ చేయనివారు, ఇది మాత్రము మానలేదు. మేము కొండనానుకొని కొంత మేర అడుగు ప్లైవుడ్డును కోసి దింపి, చిన్న లోయను చేసి, దానిపై ఆ స్తంభములు నిలిపి పట్టా వేసితిమి. "గర్డర్లు విప్పి తీసికొనిపోయినారు. ఇప్పుడు మరల వేసితిమి" అని మాత్రము ఆయన అనెను. మేము కాఫీ తెచ్చెదమని లోనికి పోయితిమి.

బండి నడచిన తొలినాడు అబ్బాయి మీట చివరిదాక త్రిప్పినాడు. మామగారు చేయి అడ్డుపెట్టి ఆపిరి. ఘాటుదారిలో గంటకు నలుబది కిలోమీటర్లకంటె మించరాదట. 150వ వంతు బండికి ఆ వేగమెంత? అమ్మాయి కాగితముపై లెక్కవేసి, సెకనుకు ఏడున్నర సెంటీమీటర్లు, చుట్టు తిరుగుటకు ముప్పదియేడు సెకనులు అని చెప్పినది. గడియారము పెట్టుకొని ఆ వేగమును కుదిర్చిరి. నిజముగ నెమ్మదిగ పోవుబండి చూచుటకు ఎంత బాగుండునో! సొరంగములో దూరి, ఇంకను రాలేదేమి అనిపించునంతసేపు మరుగై, తాపీగ వెలుపలికి వచ్చును. ఇప్పుడు టోకెను లేనిదే బండి కదలరాదు. తాతయొద్ద ఒక పాత ప్లాస్టికు గాజు కలదు. అదియే టోకెను వళ్ళెము. "పాపా, లైను క్లియరా?" అని తాత యడుగును. "క్లియరు తాతా" అని అమ్మాయి చేయి చాచును. గాజు చేతులు మారిన పిదపనే మీట తిరుగును.

ఇంటిపని చూచుకొను సోదరీమణులకు అసలు ప్రశ్న వేరు: దీనిని ఎవరు తుడువవలెను? నిజము చెప్పెదము. పట్టాలపై దుమ్మును, తాలింపు పొగలోని నూనెజిడ్డును పేరిన విద్యుత్తు అందక బండి కుంటును. సాంబ్రాణి పొగయు అంతే. మేము సొరుగు అంచుల సన్నని మెత్తగుడ్డ పట్టీ అతికించితిమి. దుమ్ము చాల తగ్గినది. నెలకొకమారు ఐసోప్రొపైలు ఆల్కహాలులో తడిపిన నూలుగుడ్డతో పట్టాలు తుడిచిన చాలును. గరుకుకాగితముతో రుద్దరాదు, పడిన గీతలలో మురికి మరింత చేరును. ఆ తుడుచుట అబ్బాయి వంతని మొదటనే నిర్ణయించితిమి. వేగము మరిగినవాడు చక్రముల సంగతియు చూడవలెను గదా! పైగాజు తుడుచుట మాత్రము మా వంతే యైనది. కాఫీ గ్లాసుల వలయములు గాజుపై పడిన, దొరబావి లోయకు గ్రహణము పట్టినట్లుండును.

బల్ల చేయించుకొను వీలు లేనివారికి మరి రెండు దారులు. మంచముక్రింద చక్రములుగల పలకపై దారిని వేసి లోనికి త్రోసివేయవచ్చును. దానిపై దుప్పటి మూత తప్పదు. లేక, గోడ బీరువాలో పుస్తకముల అరలవంటి పొడవాటి అరలో ఒక కొసనుండి మరియొక కొసకు పోయివచ్చు తిన్నని దారి వేయవచ్చును. మీటరున్నర పొడవును, ముప్పది సెంటీమీటర్ల లోతును చాలును. గుండ్రముగ తిరుగదు గాని, ఎత్తున నుండుటచే పాకు పిల్లలకు అందదు. మూడేండ్లలోపు పసివారున్న యింట ఇది మేలు, ఎన్. రకపు బండిలో నోట పెట్టుకొను చిన్న ముక్కలు అనేకము. భోజనపుబల్లలో మాత్రము ఎవరును పెట్టించుకొనవలదు. గ్వాలియరు మహారాజునకు తుడుచువారుండిరి. మనయింట చారు ఒలికినచో తుడువవలసినవారు మనమే.

క్రిందటి సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టునపుడు అమ్మాయి సొరుగును చానలులనుండి విప్పించి, కొలువు క్రిందిమెట్టుపై పెట్టించినది. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలు పసుపుకుంకుమలు పుచ్చుకొని, వాయనము చేతబట్టుకొని, బండి సొరంగమునుండి వెలుపలికి వచ్చువరకు కదలలేదు. మామగారు తమ కుర్చీని అచ్చటికే వేయించుకొని, వచ్చినవారికెల్ల స్టేషనుల పేర్లు వరుసగ చెప్పిరి. మనుమల పేర్లు ఆయన ఒక్కొక్కమారు తడబడుచున్నారు. ఈ పేర్లు మాత్రము తప్పలేదు.

జాబు వ్రాసిన సోదరికి మా మనవి: వడ్రంగిని పిలుచుటకు ముందు మీ సోఫాకును బల్లకును నడుమ నెంత చోటున్నదో టేపుతో కొలిచి చూచుకొనుడు. మీయింట నున్న బండి ఏ రకమో పెట్టెపై వ్రాసియుండును, అది హెచ్.ఓ. ఐనచో బల్ల యాశ మానుకొని, గోడ యరయే మేలు. కొలతలు వ్రాసి పంపిన మేము మా వడ్రంగినడిగి మరల వ్రాసెదము. పచ్చళ్ళ జాడీలు వచ్చు నెల తప్పవు.